సాయంకాలపు రేవు – ఆయిల్ కలర్స్‌తో ఒక పాఠం

నారింజ రంగు సూర్యుడు, రెండు ఓడలు, నాలుగు పక్షులు. బొమ్మలు వేసే హాస్టల్ మిత్రులు చాలామంది ఈ రేవు చిత్రాన్ని క్యాలెండర్ చూసి దించే ఉంటారు. విశాఖ హార్బరు 1933లో ప్రారంభమైంది. నిర్మల్ నుంచి వెళ్లి దాన్ని చూసినవారు మనలో ఎందరు? చూడని రేవును వేస్తే క్యాలెండర్‌లోని తప్పులు కూడా మనవే అవుతాయి. అందుకే మేము ఈ పాఠానికి బాసర గోదావరి రేవును తీసుకున్నాం. 2016 నుంచి బాసర మన నిర్మల్ జిల్లాలోనే ఉంది. మెట్లు, పడవలు, రైలు వంతెన అన్నీ ఉన్నాయి.

సూర్యబింబం అంచును తాకిన తర్వాత పూర్తిగా దిగడానికి రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ పడుతుంది. అంతలో ఆయిల్ చిత్రం వేయలేం. కాబట్టి ముందుగానే వెళ్లి పడవలను, మెట్లను పెన్సిల్‌తో గీసుకోవాలి. ఆ రెండు నిమిషాల్లో అన్నిటికన్నా చీకటిగా ఉన్నదేది, వెలుగుగా ఉన్నదేది, మన కాళ్ల దగ్గర నీరు ఏ రంగులో ఉంది, ఇవి మాత్రం రాసుకుంటే చాలు.

కాన్వాస్ ఖరీదు. ప్రైమర్ రెండు పూతలు వేసిన హార్డ్‌బోర్డు సరిపోతుంది. తెలుపు, లెమన్ ఎల్లో, క్రిమ్సన్, అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా, ఈ ఐదు ట్యూబులు చాలు. నలుపు కొనవద్దు. నీలంలో సియెన్నా కలిపితే వచ్చే చీకటికి జీవం ఉంటుంది.

మన నకాషీ కళాకారులు వాడే డ్యూకో రంగు తొందరగా ఆరుతుంది. ఆయిల్ అలా కాదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని మెల్లగా గట్టిపడుతుంది, రోజులు పడుతుంది. అందుకే మొదటి పూత టర్పెంటైన్‌తో పలుచగా, పై పూతలు నూనె ఎక్కువగా ఉండాలి. తిరగేస్తే పైపూత పగుళ్లిస్తుంది. అయితే నిర్మల్ చిత్రం నుంచి ఒకటి నేర్చుకోవాలి. అందులో బంగారు రంగు మెరిసేది వెనుక నలుపు ఉన్నందుకే. మనం కూడా ముందు చీకటి భాగాలు వేసి, వెలుగును చివరికి ఉంచుకోవాలి.

సూర్యుణ్ణి తెల్లగా వేయడం అందరూ చేసేదే. ఫ్రాన్సు చిత్రకారుడు మోనే 1872లో లెహావ్ర్ రేవును వేశాడు (అది ఉదయమే అనుకోండి). అందులో సూర్యుడు నారింజ రంగు, చుట్టూ బూడిద కలిసిన నీలం. ఆ చిత్రాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో చూస్తే సూర్యుడు దాదాపు కనిపించకుండా పోతాడు! అంటే వెలిగేది తెలుపు వల్ల కాదు, పక్కనున్న రంగు వల్ల. ఆకాశంలో కొంచెం బూడిద రంగు కలిపి చూడండి, తేడా తెలుస్తుంది.

నీటిలో పడవ నీడ పడవంత నల్లగా ఉండదు, కాస్త తేలిక. ఆకాశపు ప్రతిబింబం మాత్రం ఆకాశం కన్నా కొంచెం ముదురు. అలలున్నప్పుడు వెలుగు మన వైపు పొడవుగా సాగుతుంది. దాన్ని ఒకే గీతగా కాక, అడ్డంగా చిన్న చిన్న ముక్కలుగా, చప్పటి బ్రష్‌తో వేయాలి.

పని ముగిశాక బ్రష్‌లు తుడిచిన నూనె గుడ్డలను ఉండచుట్టి మంచం కింద పడేయకండి. అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉంటే దానంతట అదే అంటుకోగలదు. బయట తీగ మీద విడివిడిగా ఆరేయాలి.