వెంటిలేటర్ మీద బిడ్డ ఎదురు తిరుగుతుంటే

ఎన్ఐసీయూలో కొత్తగా డ్యూటీకి వచ్చినవాళ్లు అలారం మోగగానే స్క్రీన్ చూస్తారు. ముందు బిడ్డ పొట్ట చూడండి. బిడ్డ ఊపిరి తీసుకునేటప్పుడు మెషిన్ గాలి ఇస్తోందా, వదిలేటప్పుడు నెడుతోందా అన్నది అర నిమిషంలో తెలిసిపోతుంది. శాచురేషన్ ఒక్కసారిగా పడిపోతే మాత్రం చూస్తూ నిలబడకండి. డాక్టర్‌ని పిలిచి అంబు బ్యాగ్ అందుకోండి. ట్యూబు జారిందా, మూసుకుపోయిందా, న్యూమోథొరాక్సా అన్నది ముందు తేలాలి.

వదిలే ఊపిరికి ఎదురుగా గాలి నెడితే లేత ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. 1980లలో దీన్ని తప్పించడానికి కొందరు బిడ్డలకు పాంక్యురోనియం ఇచ్చి కండరాలు కదలకుండా చేసేవారు. ఇప్పుడు ట్యూబు దగ్గరి ఫ్లో సెన్సర్ బిడ్డ ప్రయత్నాన్ని కనిపెట్టి మెషిన్‌కు చెబుతుంది. అందుకే మత్తుమందు ఆర్డర్ అడిగే ముందు ఆ సెన్సర్ సంగతి చూడాలి.

గొట్టాల్లో నీళ్లు కదిలినా, ట్యూబు పక్కనుంచి గాలి లీకైనా సెన్సర్ అది బిడ్డ ఊపిరే అనుకుంటుంది. పొట్ట కదలకుండానే మెషిన్ నిమిషానికి 80, 90 సార్లు గాలి ఇస్తోందంటే ఆటో ట్రిగ్గరింగ్ అని అనుమానించండి. నీళ్లు వాటర్ ట్రాప్‌లోకి వంచండి, పొరపాటున కూడా బిడ్డ వైపు కాదు. సెన్సర్‌కి కఫం అంటుకుంటే మెషిన్ ఇచ్చే అంకెలనే నమ్మలేం. ఇన్‌స్పిరేటరీ టైమ్ కూడా చూడండి. నెలలు నిండని బిడ్డకు సాధారణంగా 0.3 నుంచి 0.4 సెకన్లు సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ ఉండి, బిడ్డ ముందే ఊపిరి వదిలేస్తుంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి.

వీనింగ్‌లో ఎక్కువమంది తడబడేది అసిస్ట్ కంట్రోల్ దగ్గరే. ఎస్ఐఎంవీలో పెట్టిన రేటు వరకే సాయం, మిగతా శ్వాసలు బిడ్డ సొంతంగా లాగాలి. అసిస్ట్ కంట్రోల్‌లో ట్రిగ్గర్ అయిన ప్రతి శ్వాసకూ సాయం ఉంటుంది. బిడ్డ 55 సార్లు ఊపిరి తీస్తుంటే రేటు 40 నుంచి 30కి తగ్గించినా మెషిన్ 55 సార్లూ అందిస్తూనే ఉంటుంది. తగ్గాల్సింది ప్రెషర్. బ్యాకప్ రేటు మరీ ఎక్కువ పెడితే బిడ్డకు తన వంతే రాదు.

షిఫ్టు మారేటప్పుడు ‘ఫైటింగ్’ అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోకండి. పెట్టిన రేటు, బిడ్డ అసలు రేటు, లీక్ శాతం, గొట్టాల్లో నీళ్లు ఎప్పుడు తీశారో కూడా రాయండి.