దేశం నుంచి పంపివేసినవారు తిరిగి వస్తే: శిక్షపై అప్పీలు

మన దేశంలో సెషన్స్ కోర్టు జైలుశిక్ష విధిస్తే, హైకోర్టుకు అప్పీలు చేసుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుందని మీరు ఇదివరకే చదివారు. ఈ పాఠంలో అమెరికాలో ఒక రకం కేసులో శిక్షపై అప్పీలు ఎలా నడుస్తుందో తెలుసుకుందాం. మనవాళ్ళు చదువులకూ ఉద్యోగాలకూ అక్కడికి వెళ్తున్నారు కనుక ఈ విషయం కొంత తెలిసి ఉండడం అవసరం.

ఒక విదేశీయుణ్ణి అమెరికా ప్రభుత్వం దేశం నుంచి పంపివేసిందనుకోండి. అతడు అనుమతి లేకుండా తిరిగి వస్తే అది నేరం. వీసా గడువు దాటి ఉండిపోవడం వేరు, ఇది వేరు. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. తిరిగి వచ్చినందుకు మామూలుగా గరిష్ఠ శిక్ష 2 సంవత్సరాలు. పంపివేతకు ముందే, ఏడాదికి మించి శిక్ష పడదగిన నేరం రుజువై ఉంటే 10 సంవత్సరాలు. చట్టం ప్రత్యేకంగా పేర్కొన్న తీవ్ర నేరమైతే 20 సంవత్సరాలు. అంటే పాత నేరాన్నిబట్టి కొత్త శిక్ష పెరుగుతుందన్నమాట.

ఈ కేసులలో చాలామంది నేరం ఒప్పుకుంటారు. కాబట్టి వాదన అంతా శిక్ష ఎంత అన్న దానిమీదనే సాగుతుంది. ప్రొబేషన్ అధికారి ఒక నివేదిక తయారుచేస్తాడు. పాత శిక్షలకు పాయింట్లు వేస్తాడు. ఆ పాయింట్లనూ, ప్రస్తుత నేరం స్థాయినీ ఒక పట్టికలో చూస్తే, ఇన్ని నెలల నుంచి ఇన్ని నెలల దాకా అని తేలుతుంది. 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత న్యాయమూర్తి ఆ పట్టికకు కట్టుబడనక్కరలేదు. కాని లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఇక్కడ ఒక కేసు చూడండి. టెక్సాస్‌లో రొసాలెస్-మిరెలెస్ అనే ముద్దాయి నివేదికలో ఒకే పాత శిక్షను రెండుసార్లు లెక్కించారు. 11 పాయింట్లు రావలసినచోట 13 వచ్చాయి. దానితో 70-87 నెలలు కావలసినది 77-96 నెలలు అయింది. ముద్దాయి వకీలుగాని, ప్రభుత్వ వకీలుగాని, న్యాయమూర్తిగాని గమనించలేదు. 78 నెలల శిక్ష పడింది. అప్పీలులోనే ఆ తప్పు బయటపడింది. తప్పు జరిగిందని అప్పీలు కోర్టు ఒప్పుకుంది, కాని సరిదిద్దడానికి నిరాకరించింది. 78 నెలలు సరైన పరిధిలోనూ ఉన్నాయి కదా అన్నది దాని వాదన.

సుప్రీంకోర్టు 2018లో 7-2 మెజారిటీతో ఆ తీర్పును కొట్టివేసింది. తీర్పు రాసిన న్యాయమూర్తి సోనియా సొటొమయోర్. కోర్టు పొరపాటువల్ల ఒక మనిషి అవసరానికి మించి జైలులో ఉండే ప్రమాదం ఉన్నప్పుడు, మామూలుగా దాన్ని సరిదిద్దాలన్నారు. శిక్షను మళ్ళీ నిర్ణయించడానికి కొత్త విచారణంత ఖర్చు, శ్రమ ఉండవు కూడా. పట్టికలో అడుగు సంఖ్యల మధ్య తేడా 7 నెలలే. కాగితం మీద అది చిన్నదిగానే కనిపిస్తుంది, జైలు గదిలో గడిపేవారికి కాదు.

అయితే ఈ దారి ఇరుకైనది. కింది కోర్టులోనే వకీలు అభ్యంతరం చెప్పి ఉంటే పని చాలా సులువయ్యేది. అప్పీలు కోర్టు సాక్షులను మళ్ళీ విచారించదు. రికార్డులో ఉన్నదే చూస్తుంది.

గడువు మరీ ముఖ్యం. తీర్పు నమోదైన నాటినుంచి 14 రోజులలోగా జిల్లా కోర్టులో అప్పీలు నోటీసు దాఖలు చేయాలి. దానిలో వాదనలు రాయనక్కరలేదు. నేరం ఒప్పుకొనేటప్పుడు అప్పీలు హక్కును వదులుకున్నట్లు సంతకం చేసినా, ముద్దాయి కోరితే వకీలు నోటీసు దాఖలు చేయవలసిందే. 2019లో మరొక కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టం చేసింది.

అభ్యాసం

1. తీర్పు మార్చి 3న నమోదైతే నోటీసు ఏ తేదీలోగా దాఖలు చేయాలి?
2. 78 నెలలు రెండు పరిధులలోనూ ఉన్నా, శిక్షను సరిదిద్దాలని సుప్రీంకోర్టు ఎందుకు భావించింది? మీ సొంత మాటలలో రాయండి.