వృద్ధాశ్రమంలో నాన్న ఫైలు ఎవరిది?

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు వృద్ధాశ్రమంలో నెలనెలా ఫీజు కట్టి ఉంచాం. నేను డల్లాస్‌లో ఉంటాను. ఆయన బాత్‌రూమ్‌లో జారిపడితే నాలుగు రోజులకు గానీ మాకు చెప్పలేదు. మందుల చార్టు, డాక్టరు రాసిన కాగితాలు పంపమంటే ‘అవి మా ఆఫీసు రికార్డులు, బయటికివ్వం’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఫైలు ఆశ్రమం బీరువాలో ఉన్నా, అందులో రాసి ఉన్నది మీ నాన్నగారి ఆరోగ్యం గురించి. దాన్ని అడిగే మొదటి హక్కు ఆయనదే. కూతురిగా మీరు అడగాలన్నా ఆయన అనుమతి కావాలి. అందుకే ముందు ఆయన చేత ఉత్తరం రాయించండి: ‘నా వైద్య, సంరక్షణ రికార్డుల నకళ్లు నాకూ, నా కూతురికీ ఇవ్వండి.’ కింద సంతకం, తేదీ ఉండాలి. రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్‌ పోస్టులో పంపి రసీదు దాచండి.

డాక్టర్ల బాధ్యత స్పష్టంగానే ఉంది. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి గానీ, ఆయన అధికారమిచ్చిన సహాయకులు గానీ అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు భద్రపరచాలి. పడ్డాక ఆస్పత్రిలో చేర్చి ఉంటే అక్కడా విడిగా అడగండి.

ఇక ఆశ్రమం సంగతి. ఫీజు తీసుకుని సేవ చేస్తోంది కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టాన్ని ఆశ్రయించవచ్చు. అవసరమైన సమాచారాన్ని కావాలని తొక్కిపెట్టడం కూడా సేవాలోపమేనని ఆ చట్టం నిర్వచనంలోనే ఉంది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోన్‌ చేయండి. పరిష్కారం కాకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. వయోవృద్ధుల హెల్ప్‌లైన్‌ 14567కూ చెప్పండి.

ప్రభుత్వం నడిపే, లేదా ప్రధానంగా ప్రభుత్వ నిధులతో నడిచే ఆశ్రమమైతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికి సంబంధించిన విషయమైతే 48 గంటల్లోనే ఇవ్వాలి.

పెద్దవాళ్లను ఆశ్రమంలో చేర్పించబోయే ప్రతి కుటుంబానికీ ఒక మనవి. గదినీ భోజనాన్నీ చూసినంత శ్రద్ధగా ఒప్పందాన్నీ చదవండి. ఏ మందు, ఏ వేళకు, ఎవరిచ్చారో రోజూ రాస్తారా? కిందపడినా, జ్వరమొచ్చినా ఎన్ని గంటల్లో ఎవరికి కబురు చేస్తారు? వాళ్ల డబ్బుకూ నగలకూ రిజిస్టరు ఉందా? నకళ్లు అడిగితే ఎప్పటిలోగా ఇస్తారు? ఈ నాలుగింటికీ జవాబులు ఒప్పందంలోనే రాయించుకోండి. బ్యాంకు పాసుబుక్కు, ఏటీఎం కార్డు, పట్టాదారు పాసుపుస్తకం ఒరిజినల్స్‌ ఆశ్రమం చేతికి ఇవ్వవద్దు. గుర్తింపు కార్డులకు జిరాక్సు చాలు.

అలాగే, తన జబ్బు వివరాలు ఫలానావాళ్లకు చెప్పవద్దని పెద్దాయన అంటే ఆశ్రమం ఆ మాట పాటించాలి, పిల్లలూ గౌరవించాలి. నెలకోసారి ఆ ఫైలును ఆయన ముందే తెరిచి చదివి వినిపించమని కోరండి. తప్పు రాస్తే దిద్దమని చెప్పే అవకాశం ముందుగా ఆయనకే ఉండాలి.