ఎముకకు ఇల్లు మేలా, వాకిలి మేలా?

పోచంపల్లి, గద్వాల, నారాయణపేట అనగానే చీరలు గుర్తుకు వస్తాయి. వాటిని నేసే మగ్గాలు ఇంటి లోపల ఉంటాయి. ఆ ఊళ్ళ చుట్టూ పొలాల్లో కలుపు తీసే స్త్రీలు పొద్దంతా ఎండలో ఉంటారు. ఇద్దరిదీ కష్టమే. మరి వయసు మళ్ళిన తరువాత స్త్రీల ఎముకలు గట్టిగా ఉండాలంటే ఇంటి లోపలి శ్రమ మంచిదా, ఆరుబయటి శ్రమ మంచిదా?

ముందు ఎముక సంగతి చూద్దాం. ఎముక రాయి కాదు, ప్రాణమున్న కట్టడం. అందులో పాత ఎముకను తొలిచే కణాలు కొన్ని, కొత్త ఎముకను కట్టే కణాలు కొన్ని ఉంటాయి. ఏడాదికి సుమారు పదోవంతు ఎముక ఇలా కొత్తదవుతుంది. దాదాపు ముప్ఫై ఏళ్ళ వరకు కట్టడానిదే పైచేయి. తరువాత తొలవడం మెల్లగా మించుతుంది. స్త్రీలలో ముట్లుడిగినప్పుడు ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గిపోతుంది. దానితో కొన్నేళ్ళపాటు ఎముక మరీ వేగంగా తరుగుతుంది. ఇదే ముదిరితే బోలు ఎముకల వ్యాధి. అప్పుడు వాకిట్లో కాలు జారినా తుంటి ఎముక విరగవచ్చు.

ఈ తరుగుదలను తగ్గించేది బరువు. ఎముక తన మీద పడే బరువును బట్టి తనను తాను దిద్దుకుంటుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో వివరించాడు. బరువు తెలియని అంతరిక్షంలో నెలల తరబడి ఉండే వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు సుమారు ఒక శాతం తరుగుతుంది.

ఇప్పుడు మగ్గం దగ్గరికి వెళ్దాం. గుంత మగ్గంపై కాళ్ళూ చేతులూ ఆడుతూనే ఉంటాయి. కాని శరీరం బరువు కూర్చున్న చోటే ఆగుతుంది, కాలి ఎముకల మీద పడదు. నిలబడి రోకలితో దంచేటప్పుడు పడుతుంది. అంటే ఎముక చూసేది పైకప్పును కాదు, తన మీద పడే బరువును. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం, మెట్లెక్కడం ఇంట్లోనే చేయవచ్చు. ఇవి కండరాలకు బలాన్ని, నడకకు నిలకడను కూడా ఇస్తాయి. ఇక ఆరుబయటి పనులన్నీ మంచివే అనుకోకూడదు. ఎముక బోలైనవారు నడుము వంచి బరువులెత్తితే వెన్నుపూసలు నలిగిపోవచ్చు. వారికి చదునైన దారిలో నడక మేలు.

అయితే వాకిలి ఇచ్చేది, ఇల్లు ఇవ్వలేనిది ఒకటుంది. అదే ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణాలలో ఒక రకం చర్మం మీద పడినప్పుడు విటమిన్ డి తయారవుతుంది. తిన్న రాగిసంకటిలోని కాల్షియంను పేగులు బాగా పీల్చుకోవాలంటే ఈ విటమిన్ కావాలి. ఆ కిరణాలు కిటికీ అద్దాన్ని దాటి రాలేవు.

మన నీడే ఇందుకు గడియారం. నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడు ఆ కిరణాలు బాగా అందుతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. డిసెంబరు 22 నాటి మధ్యాహ్నం కూడా ఇక్కడ 150 సెంటీమీటర్ల మనిషి నీడ సుమారు 128 సెంటీమీటర్లే. అదే సమయానికి లండన్‌లో అది అయిదున్నర మీటర్లు! మనకు ఏడాది పొడవునా ఎండ కొరత లేదన్నమాట. చలికాలంలో పదకొండు గంటలకు కాసేపు నడవవచ్చు. మే నెలలో తొమ్మిది దాటగానే నీడ పొట్టిదవుతుంది. అప్పుడు పది నిమిషాలు ఎండలో ఉండి లోపలికి రావాలి. వడదెబ్బ ఎముకల కోసం ఆగదు.

ఈ ప్రాంతానికి మరొక మాట తప్పక చెప్పాలి. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి 1955లోనే సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకంటే చాలా ఎక్కువున్న నీటిని ఏళ్ళ తరబడి తాగితే ఎముక చిక్కబడుతుంది, కాని పెళుసవుతుంది. కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతాయి. అలాంటివారికి వ్యాయామం కంటే ముందు మంచి నీరు కావాలి. ఏ వ్యాయామమైనా వైద్యుణ్ణి అడిగే మొదలుపెట్టాలి.

కాబట్టి జవాబు ఇది: బరువు ఎక్కడైనా మోపవచ్చు, ఎండ మాత్రం బయటే దొరుకుతుంది. ఇంట్లో మడమలెత్తే అవ్వ, వాకిట్లో నడిచే అవ్వ ఇద్దరూ ఒక్కరే కావాలి.

చేసి చూడండి: సెలవు రోజున ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకు గంటకోసారి ఒక మీటరు కర్రను నిలబెట్టి నీడను కొలవండి. నీడ మీటరు కంటే పొట్టిగా ఉన్న వేళలను రాసుకోండి. వాటిలో ఎండ వేడి తక్కువగా ఉన్న వేళ ఏదో మీ అవ్వకు చెప్పి, ఆమె వెంట మీరూ నడవండి. మీ ఎముకలు కట్టుకునే వయసు ఇదే!