కొబ్బరి నీడలో ఏం వెయ్యాలంటే

చిట్టీ,

బావ తోటని కౌలుకి ఇవ్వకుండా నువ్వే దగ్గరుండి చేయించుకుంటానన్నావని అక్క ఫోన్లో చెప్పింది. మంచి పని. కాయ రేటు మన చేతిలో ఉండదు, ఒక్క దింపు డబ్బులతో ఏడాదంతా నెట్టుకురావడం ఈ రోజుల్లో కష్టం. చెట్ల కింద వేస్తానని నువ్వు పంపిన జాబితా చూశాను. వంగ, బెండ, పచ్చిమిర్చి, టమాటా, అల్లం, పసుపు, కంద, మిరియం... సంతలో దొరికేవన్నీ రాసేశావే! సగం కొట్టెయ్యాలి. ఏ సగమన్నది మీ తోట నీడ చూసి తేల్చుకో.

కొబ్బరి నీడ వయసుతో మారుతుంది. నాటిన ఏడెనిమిదేళ్ళ దాకా వరసల మధ్య ఎండకి లోటుండదు, ఏ కూరగాయైనా పండుతుంది. అక్కణ్ణుంచి పాతికేళ్ళు వచ్చేదాకా చెట్టు ఎత్తు తక్కువ, తల గుబురు, కింద చిక్కటి నీడ. ఆ తరవాత మాను పైకి సాగిపోయి ఎండ మళ్ళీ లోపలికి దిగుతుంది. మీ పడమటి ముక్క ముదురు తోట. కాలవగట్టు వైపుది బావ తరవాత నాటించినది, ఇప్పుడు సరిగ్గా నీడ ముదిరిన వయసులో ఉంది. రెంటికీ ఒకటే పంట పనికిరాదు. ఒక పాత తెల్లపంచె తీసుకెళ్ళి రెండు వరసల మధ్య పరువు. పొద్దున పదింటికి, మిట్టమధ్యాహ్నం, మళ్ళీ మూడింటికి వెళ్ళి దానిమీద ఎండ మచ్చలు ఎంత మేర పడుతున్నాయో చూడు. సగం దాకా ఎండ పడితే దుంపజాతికి ఢోకా లేదు. పావువంతు కూడా లేకపోతే ఆ ముక్కని ప్రస్తుతానికి వదిలెయ్. ఫోన్లో వీడియోలు చేసేవాళ్ళు ఎకరాకి ఇన్ని లక్షలని లెక్క కట్టి చూపిస్తారు గానీ, ఆ తోట వయసెంతో మాత్రం చెప్పరు.

కాయ కాసేవాటికి ఎండ తగలాలి. నీడలో వంగ, బెండ ఏపుగా పెరిగి చూడముచ్చటగా ఉంటాయి. పూత తక్కువ, వచ్చినదీ రాలిపోతుంది. వాటిని దక్షిణపు అంచున, ఎండ పడే చోట నాలుగు మళ్ళు కట్టుకుని ఇంటి మట్టుకు వేసుకో. ఆకుకీ దుంపకీ అంత పట్టింపు లేదు. బచ్చలి, చేమ, కంద, పెండలం, పసుపు సగం నీడలో హాయిగా వస్తాయి.

నన్నడిగితే మొదటి ఏడు కందే వెయ్యి. మన గోదావరి నేలకి అలవాటైన పంట. గజేంద్ర రకం కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చింది, దురద పెట్టదు. విత్తనం కోసేటప్పుడు మాత్రం పక్కనే ఉండు, కూలివాళ్ళకి వదిలెయ్యకు. దుంప నడినెత్తిన మొలక ఉంటుంది కదా, దాని చుట్టూ వలయంలా ఉన్న భాగం ప్రతి ముక్కకీ కొంచెమైనా రావాలి. అది రాని ముక్క మట్టిలో కుళ్ళడం తప్ప మొలవదు. ముక్క అరకిలోకి తగ్గనివ్వకు. పేడనీళ్ళలో ముంచి, నీడన ఆరబెట్టి, ముక్కకీ ముక్కకీ మూడడుగుల ఎడం ఇచ్చి గోతుల్లో పెట్టించు. పైన ఎండు కమ్మలు కప్పితే తేమ ఆగుతుంది, కలుపూ లేవదు. ఏడెనిమిది నెలలకి గొడుగు పసుపెక్కి వాలిపోతుంది, అప్పుడు తవ్వడమే. కూరకి బచ్చలి ఆ పక్కనే ఉంటుంది, ఆవ నూరుకోవడం ఒక్కటే నీ పని.

పసుపు కూడా బాగానే వస్తుంది. కాకపోతే ఉడకబెట్టడం, ఎండబెట్టడం, మెరుగు పెట్టడం ఇంత పని ఉంది. నాలుగు మళ్ళతో మొదలుపెట్టు. అల్లం మాట మర్చిపో. మన బంకమట్టిలో వానాకాలం నీళ్ళు నిలుస్తాయి, దుంపకుళ్ళు ఒక చోట మొదలైతే మడంతా పోతుంది.

మిరియం గురించి అడిగావు. కాసరగోడు పరిశోధన సంస్థవాళ్ళు కొబ్బరి మానుకి మిరియం పాకించి, మధ్యలో కోకో, నేలమీద అనాస పెట్టి అంతస్తుల తోట చేసి చూపించారు. మన పాడేరు వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ మానులకీ మిరియమే. పాడేరులో నేల వాలు, పడ్డ వాన పడ్డట్టే జారిపోతుంది, మన దగ్గర అలా కాదు. నీకు వెయ్యాలని సరదాగా ఉంటే నీళ్ళు నిలవని మెరకన, పది చెట్లకి మించకుండా వెయ్యి. మానుకి మూడడుగుల దూరంలో, ఉత్తరం వైపు, గొయ్యి తవ్వకుండా మట్టి ఎత్తు చేసి నాటు. తీగని ఒకటిన్నర నిలువుకి మించి పోనివ్వకు. మించితే మాను పట్టు దొరక్క దింపువాళ్ళు మేం ఎక్కం అంటారు. వాళ్ళతో ముందే మాట్లాడుకో, అసలే మనుషులు దొరకడం లేదు.

వేళ్ళ సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ఎనిమిది మీటర్ల ఎడంలో ఒక్కో చెట్టు వాటా 64 చదరపు మీటర్లు. ఎక్కువ వేళ్ళు మాను చుట్టూ రెండు మీటర్లలోనే ఉంటాయి. అంటే చెట్టు గట్టిగా వాడుకునేది 13 చదరపు మీటర్ల లోపే, మిగతాది నీది. ఆ రెండు మీటర్ల లోపల గునపం దించొద్దు, రోటవేటర్ అసలే వద్దు. వేళ్ళు తెగితే గానోడెర్మా తెగులుకి దారి ఇచ్చినట్టే. మాను మొదట్లో ఎర్రటి బంక కారుతున్న చెట్టు కనిపిస్తే చుట్టూ కందకం తీయించు, ఆ పాదు నీళ్ళు పక్క పాదుకి పారనివ్వకు. కంద ఎరువు కందకే, కొబ్బరి ఎరువు కొబ్బరికే వెయ్యి. చెట్టుకి వేసిన దాంట్లోంచి కిందివాటికీ అందుతుందిలే అని లెక్కేశావంటే, రెండేళ్ళకి గెల చిన్నదవుతుంది. అప్పుడు దింపులో పోయిన కాయల లోటుని కంద పూడ్చలేదు.

కంద విత్తనం నా దగ్గర కొంత తీసి ఉంచాను. మే నెలాఖరులోపు అల్లుడుగారిని బండి వేసుకుని రమ్మను. ఆలస్యమైతే మొలకలు లేచి, గోతాల్లో వేసేటప్పుడు విరిగిపోతాయి. ఆయన వచ్చేటప్పుడు ఆ తెల్లపంచె మీద ఎంతెంత ఎండ పడిందో, ఏ ముక్కలోదో రాసి పంపు, విత్తనం ఎంత కావాలో దాన్నిబట్టి కట్టిస్తాను.

మీ మావయ్య