కరవు కాలపు కట్టడం

అనంతపురం పీఠభూమి వర్షాభావానికి నెలవు. పెన్నా తీరాన ఉన్న పామిడి వంటి ఊళ్లలో కరవు అనే మాటకు అర్థం వివరించవలసిన పని లేదు. కరవు ఊళ్లను ఖాళీ చేయిస్తుంది. అటువంటి కరవు రోజులలోనే ఎందరో శ్రామికుల చేతుల మీదుగా ఒక మహానిర్మాణం రూపుదిద్దుకొన్నది. అదే మెదక్ చర్చి.

సీమ ప్రాంతంలో లండన్ మిషన్ 1810లో బళ్లారిలోను, 1822లో కడపలోను కేంద్రాలు నెలకొల్పింది. నిజాం రాజ్యంలోని మెదక్‌కు వెస్లియన్ మిషన్ తరఫున చార్లెస్ వాకర్ పోస్నెట్ పందొమ్మిదవ శతాబ్ది చివరలో వచ్చారు. 1914లో ఆయన చర్చి నిర్మాణానికి పూనుకొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో క్షామం విజృంభించగా, ఊరక అన్నదానం చేయక పని కల్పించి కూడు పెట్టారు. అందువలన శ్రామికుల ఆకలితోపాటు ఆత్మగౌరవమూ నిలిచింది. 1924 డిసెంబరు 25న చర్చి ప్రతిష్ఠ జరిగింది. మందిరం వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు. గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. రంగుటద్దాల గవాక్షాలలో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం చిత్రితమైనవి. వెలుపలి వెలుగు సోకినప్పుడే ఆ చిత్రాలు ప్రకాశిస్తాయి.

నూరేళ్లు దాటిన కట్టడాన్ని కాపాడడం కట్టడమంత కష్టం. పాతకాలపు సున్నపు గోడ తేమను పీల్చి, తిరిగి వెలుపలికి వదలుతుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి, లవణాలు పేరుకొని, రాయి పొరలుపొరలుగా రాలుతుంది. కాబట్టి సున్నపు గోడకు సున్నంతోనే మరమ్మతు చేయాలి. రంగుటద్దాలను పట్టి ఉంచే సీసపు పట్టీలు కాలక్రమాన వంగుతాయి. వాటిని నేర్పరులే సరిచేయాలి. కొత్తదనం తీసుకొనిరావడం పునరుద్ధరణ కాదు. ఉన్నదాని ఆయువును పెంచడమే పునరుద్ధరణ.

ఆ గోడలలో రాళ్లతోపాటు పేరు తెలియని కూలీల చెమట ఉన్నది. వాటిని నిలుపుకోవడమంటే వారి శ్రమను గౌరవించడమే.

కఠిన పదాలు
నెలవు : స్థానం
క్షామం : కరవు
గవాక్షం : కిటికీ
పునరుద్ధరణ : శిథిలమైనదానిని తిరిగి నిలబెట్టడం

ప్రశ్నలు
1. పోస్నెట్ కరవు బాధితులకు తోడ్పడిన విధానాన్ని వివరించండి.
2. పాత గోడలకు సిమెంటు పూయడం ఎందుకు హానికరం?
3. మీ ప్రాంతంలోని ఒక ప్రాచీన కట్టడాన్ని గురించి వ్యాసం రాయండి.