కిడ్నీ మార్చాక పీటీహెచ్ పరీక్ష
(సందేహాలు - సమాధానాలు)

ప్రశ్న: మా అన్నకు ఎనిమిది నెలల కిందట బెంగళూరులో కిడ్నీ మార్చారు. క్రియాటినిన్ 1.2 దగ్గర నిలకడగా ఉంది. పీటీహెచ్ మాత్రం 148 వచ్చింది. 15-65 మధ్య ఉండాలని రిపోర్టులో ఉంది. కొత్త కిడ్నీ చెడిపోతోందా?
- ఒక పాఠకురాలు, గోరంట్ల

సమాధానం: కంగారు పడకండమ్మా. క్రియాటినిన్ నిలకడగా ఉందంటే కిడ్నీ బాగానే పనిచేస్తోంది. పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) తయారయ్యేది మెడలో, థైరాయిడ్ వెనకనున్న నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథుల్లో. పాత కిడ్నీలు చెడిన ఏళ్లలో ఫాస్ఫరస్ పేరుకుంటుంది, చురుకైన విటమిన్ డి తగ్గుతుంది, కాల్షియం పడిపోతుంది. దాన్ని నిలబెట్టే ప్రయాసలో ఆ గ్రంథులు పెద్దవవుతాయి. కిడ్నీ మార్చినంత మాత్రాన అవి వెంటనే చిన్నవి కావు. తొలి నెలల్లో పీటీహెచ్ వేగంగా, ఆపైన మెల్లగా దిగుతుంది. డయాలసిస్‌పై చాలా ఏళ్లు ఉన్నవారికి ఏడాది దాటినా ఎక్కువగానే ఉండొచ్చు.

అందుకే ఆ ఒక్క అంకెతో ఏదీ తేల్చకూడదు. కాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి కలిపి చూడాలి. విటమిన్ డి లోటు ఉంటే అది తీరాక పీటీహెచ్ దిగవచ్చు. కాల్షియం 10.5 దాటి అక్కడే ఉండిపోతే గ్రంథులు అదుపు తప్పాయని అనుమానించాలి. అప్పుడు సినకాల్సెట్ మాత్రలా, ఆపరేషనా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. ఈలోగా సొంతంగా కాల్షియం మాత్రలు వేయకండి.

ప్రశ్న: పీటీహెచ్‌కు హిందూపురంలో ఒక అంకె, బెంగళూరులో మరో అంకె వచ్చాయి. ఏది నమ్మాలి?
- ఒక పాఠకుడు, ధర్మవరం

సమాధానం: రెండూ సరైనవే కావచ్చు. ల్యాబు మారితే కిట్టు మారుతుంది, కిట్టును బట్టి అంకె మారుతుంది. ప్రతిసారీ ఒకే ల్యాబులో, ఉదయం పూటే ఇవ్వండి. పీటీహెచ్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది. రక్తాన్ని వేరే ఊరికి పంపేట్టయితే ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో తీసి, చల్లగా పంపుతున్నారో లేదో అడగండి. కాల్షియానికి మాత్రం వేరే ట్యూబు ఉండాలి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. కొన్ని కిట్లలో అవి పీటీహెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తాయి.

ప్రశ్న: మార్పిడి తర్వాత నాకు నడుము, మోకాళ్లు నొప్పి. పీటీహెచ్ వల్లేనా?
- ఒక పాఠకుడు, పెనుకొండ

సమాధానం: కావచ్చు, కాకపోవచ్చు. స్టెరాయిడ్లు కూడా ఎముకలను పలచబరుస్తాయి. పైగా మన ప్రాంతంలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అదీ ఎముకలకు, కీళ్లకు చేటే. ఏ నీళ్లు తాగుతున్నారో డాక్టరుకు తప్పక చెప్పండి, ఎముకల సాంద్రత పరీక్ష గురించి అడగండి. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి. పీటీహెచ్ పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది వాటిని వరసగా చూస్తేనే తెలుస్తుంది.